చూపుడువేలుతోనే చదవాలి

మా అక్కకి కుదురన్నది లేదు. ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంది. బస్సులో కూర్చోబెట్టినా వేళ్లు ఊరుకోవు. సీటు అంచు, టిక్కెట్టు ముక్క, పక్కనున్న నా జాకెట్టు చేతి కుట్లు, ఏది దొరికితే అది తడిమేస్తుంది. "కాస్త కుదురుగా కూర్చో అక్కా, చక్కిలిగింతలు పుడుతున్నాయి" అని రోజూ విసుక్కునేదాన్ని.

అక్కకి పసితనంలోనే చూపు పోయింది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, చూపులేని పిల్లల బడి ఒకదానిలో పనిచేస్తాం. నేను లెక్కలు చెబుతాను. అక్క చిన్న తరగతులకి బ్రెయిలీ నేర్పుతుంది. మా గదుల మధ్య భుజాల ఎత్తు చెక్క అడ్డం ఒక్కటే ఉంది. అందుకని నా పిల్లలకి కూడికలు రాకపోయినా అక్క తిట్లన్నీ నోటికొచ్చు.

కొత్త పిల్లలు రాగానే ఆరు గుంటల చెక్క ఒకటి చేతిలో పెట్టి, గోళీలు పేర్చమంటుంది. ఏయే గుంటల్లో గోళీలున్నాయో దాన్నిబట్టి అక్షరం. అది వంటబట్టాక కాగితం మీది చుక్కలు. పిల్లలు మొదట్లో వేలు తెల్లబడేలా అదిమేస్తారు. "నొక్కితే చుక్కలు చచ్చిపోతాయి నాన్నా. ఊరికే తాకు, అవే చెబుతాయి" అంటుంది. రెండో మాట మాత్రం గట్టిగా ఉంటుంది. చూపుడువేలుతోనే చదవాలి. వేరే వేలుతో చదివితే చెయ్యి వంకర తిరుగుతుంది, వేగం రాదు.

ఆ మాటకి ఎక్కువగా చీవాట్లు తిన్నది బొంగరం. రెండో తరగతి పిల్ల. ఒక్కచోట నిలవదని మేం పెట్టుకున్న పేరు అది. గోళ్లు కొరికీ కొరికీ చూపుడువేళ్లు పుండు చేసుకుంటుంది. నొప్పెట్టి, ఎవరికీ తెలియకుండా చిటికెనవేలుతో చదువుతుంది. అక్క దాని చెయ్యి పట్టుకుని చూసిందంటే దొరికిపోయేది. పాఠం మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చేది.

ఈ ఏడు వానలు మొదలయ్యాక బస్సులో అక్క చేతులు ఒళ్లో పడి ఉండటం మొదలైంది. నా జోలికి రావడం లేదు. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి నాకేదో గుబులు పట్టుకుంది. టీ గ్లాసు పట్టుకుని చల్లారేదాకా వదిలేది కాదు. చలేస్తోందా అంటే లేదనేది. తరగతిలో ఒకరి కాగితం ఒకరితో దిద్దించడం మొదలుపెట్టింది. అది కొత్త పద్ధతి అనుకుని హెడ్మాస్టరు అందరి ముందూ మెచ్చుకున్నారు. అక్క నవ్వలేదు.

బ్రెయిలీ రాసేది కాగితం వెనకవైపు. గళ్ల పలకలో బిగించి మొనదేలిన పుల్లతో పొడుచుకుంటూ వెళ్లి, తీసి తిప్పితే గుంటలు బుడిపెలవుతాయి. బుడిపెల్నే చదవాలి. ఒకరోజు బొంగరం హడావిడిలో కాగితం తిప్పకుండానే అక్క చేతికిచ్చింది. అక్క ఆ గుంటల మీదే వేలు నడిపి "బాగా రాశావమ్మా" అంది. అడ్డం మీంచి నేను చూస్తూనే ఉన్నాను. బొంగరం కాగితం వెనక్కి తీసుకుని తడిమింది. దాని మొహం మారిపోయింది. కానీ కాగితం తిప్పలేదని చెప్పకుండా వెళ్లి తన చోట కూర్చుంది. ఆ పిల్ల అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి రాగానే పట్టుకున్నాను. వేళ్లకేమైందని అడిగితే పొయ్యి మీద పాలున్నాయంది, బట్టలు తడుస్తాయంది. నాకు ఒళ్లు మండి, గంతులేస్తున్న మనిషిని భుజాలు పట్టి కుర్చీలో కూలేశాను. అప్పుడు చెప్పింది.

"పుస్తకం మీద చెయ్యి పెడితే గోడ తడిమినట్టుందే. ఏమీ తెలియట్లేదు."

డాక్టరు చూసి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నాడు. ఏళ్ల తరబడి మొనతో పొడిచిన చేతులు కదా అన్నాడు. రెండు చేతుల్లోనూ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారాయి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంది. ఆపరేషన్ చేయొచ్చు గానీ స్పర్శ మునుపటిలా వస్తుందని మాటివ్వలేనన్నాడు. చిటికెనవేలి మాట ఇద్దరమూ విన్నాం. ఇద్దరి బుర్రకీ ఎక్కలేదు.

దారంతా అక్క ఒకటే మాట. బడి మానేస్తుందట. చదవలేని మనిషి చదువు ఎలా నేర్పుతుందట. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. బడి మానేస్తే ఈ మనిషి ఇంట్లో ఏం చేస్తుంది? పిచ్చెక్కిపోతుంది, నన్నూ ఎక్కిస్తుంది.

శనివారం పిల్లలకి కొత్త కథ చదివి వినిపించడం అక్క అలవాటు. కొంతకాలంగా ఒళ్లో పుస్తకం పెట్టుకుని, నోటికొచ్చిన పాత కథలే చెబుతోందని ఇప్పుడు నాకు తెలుసు. ఆ శనివారం పుస్తకం తెరవనే లేదు. తన వేళ్లు పనిచేయడం లేదనీ, వేరే టీచరు వస్తారనీ పిల్లలకి చెప్పేసింది. అడ్డానికి ఇవతల నా పిల్లలు లెక్కలు ఆపేశారు.

బొంగరం లేచి, బల్లలు పట్టుకుంటూ అక్క దగ్గరికి వెళ్లింది. ఆ పుస్తకం తెరిచి, అక్క చెయ్యి వెతికి పట్టుకుంది. ఒక్కో వేలూ మడిచేసి, చిటికెనవేలు ఒక్కటే మిగిల్చి చుక్కల వరస మీద పెట్టింది.

"నా వేలు నొప్పెట్టినప్పుడు దీంతోనే చదువుతాను టీచర్. మీరు తిట్టినా మానలేదు."

అక్క చెయ్యి లాక్కోబోయింది. అది వదల్లేదు. వేలు కాస్త కదిలింది, ఆగింది, వెనక్కి వచ్చింది. అక్క నుదుటి మీద చెమట పట్టింది. ఆత్రం కొద్దీ వేలు అదిమేస్తోంది, గోరు తెల్లబడటం నాకు ఇక్కణ్నుంచే కనిపిస్తోంది.

"నొక్కకండి టీచర్" అంది బొంగరం. "నొక్కితే చుక్కలు చచ్చిపోతాయి."

అక్క ఒక్కసారి ఊపిరి వదిలింది. వేలు తేలిక చేసింది. మొదటి తరగతి పిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఒక మాట చదివింది. తర్వాత ఇంకొకటి. చెయ్యి ఒకటే వంకర. గంట కొట్టేసరికి ఒక్క వాక్యం పూర్తయింది. ఆ తర్వాతేమైందో సోమవారం చెప్పాలని పిల్లలంతా పట్టుబట్టారు. అక్క సరేనంది.

సాయంత్రం బస్సులో నా జాకెట్టు చేతి మీద ఏదో పాకింది. చూస్తే చిటికెనవేలు. కుట్టు వెంబడి ఒకసారి పైకి వెళ్లింది, ఒకసారి కిందికి వచ్చింది.

"కాస్త కుదురుగా కూర్చో అక్కా" అన్నాను. అనకపోతే బస్సులో అందరి ముందూ ఏడ్చేసేదాన్ని.