గోడ వెనక రెండో మనిషి

తలుపు మీద ఇత్తడి పలకలో ఎండీ అని ఉన్నా, ఫ్యాక్టరీలో అందరికీ ఆయన వకీలుగారే. నల్లకోటు విప్పి ఆరేళ్ళయినా ఆ పేరు ఒంటిని వదల్లేదు.

కోర్టులో ఆయన గొప్పతనమల్లా వాయిదాలు. ఎదుటివాళ్ళ సాక్షి ఊళ్ళో ఉన్న రోజున ఈయనకి జ్వరం వచ్చేది; సాక్షి రైలెక్కగానే దిగిపోయేది. ఫిరంగి గుండ్లు చేసే కంపెనీలో మందుగది పేలి ముగ్గురు పోతే, కంపెనీ తరఫున ఆ కేసుని పదకొండేళ్ళు సాగదీశారు. పోయినవాళ్ళ భార్యల్లో ఒకామె కన్నుమూసింది, మిగతా ఇద్దరూ విసిగి రాజీకొచ్చారు. ఓనరు మురిసిపోయి ఆయన్ని ముందు సలహాదారుగా పెట్టుకున్నాడు, తర్వాత ఏకంగా పెద్ద కుర్చీ ఇచ్చాడు.

"ఇంట్లో బల్బు మార్చడం రాదు, మీకు గుండ్ల ఫ్యాక్టరీ అప్పజెప్పారా?" అంది భార్య.

"చేసేవాళ్ళు చేస్తారే. నేను సంతకం పెడతాను."

మొదటిరోజు హెల్మెట్ వెనకది ముందుకి పెట్టుకుని షెడ్లన్నీ కలయదిరిగారు. అందరూ చూశారు, ఒక్కరూ చెప్పలేదు. చివరికి తనిఖీ మేస్త్రి దగ్గరికొచ్చి, "అయ్యా, మీరు వస్తున్నారో వెళ్తున్నారో తెలియక మావాళ్ళు తికమక పడుతున్నారు," అని మెల్లిగా తిప్పిపెట్టాడు. అతన్ని అందరూ భూతద్దం అంటారు. కంటికి ఆ అద్దం ఆనించకుండా మరమేకుని కూడా నమ్మడు.

ఆ ఫ్యాక్టరీలో పాత అలవాటు ఒకటుండేది. ప్రతి బ్యాచీలోంచి నాలుగు గుండ్లు తీసి వెనక మైదానంలో కాల్చి చూస్తారు. ఫిరంగికి కట్టిన తాడుని గోడ చాటునుంచి ఒకడు లాగుతాడు. బ్యాచీ బాగుందని చీటీ మీద సంతకం పెట్టినవాడు ఆ తాడు మనిషి పక్కనే నిలబడాలి. ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ తప్పలేదు.

వకీలుగారికి విన్నప్పుడే చెమట పట్టింది. ఒక ప్రాణంతో పోయేదానికి రెండు ప్రాణాలకి జవాబుదారీ ఎందుకు? తాడు మనిషి తప్ప గోడ దగ్గర ఎవరూ ఉండరాదు, ఉంటే బాధ్యత వాళ్ళదే అని ఒక పేజీ ఆర్డరు రాశారు. చీమ దూరే సందు కూడా లేకుండా రాశారు. ఆ వారంలో బజార్లో భూతద్దం భార్య ఎదురై, "మీరు చల్లగా ఉండాలి బాబూ. ఇన్నాళ్ళూ కాల్పుల రోజున నాకు ముద్ద దిగేది కాదు," అంది. ఆ మాట వకీలుగారు భార్యకి మూడుసార్లు చెప్పుకున్నారు. తన వృత్తిలో ఒకరు దీవించడం అదే మొదలు మరి.

నిలబడే పని తప్పాక కుర్ర ఇన్‌స్పెక్టర్ల సంతకాలకి కాళ్ళొచ్చాయి. వారం పట్టే తనిఖీ రెండు రోజుల్లో అయిపోయేది. పనులు వేగంగా అవుతున్నాయన్న మంచిపేరు వకీలుగారికి దక్కింది.

ఆరో ఏడు ఒక పెద్ద ఆర్డరుకి స్ప్రింగుల తీగ సరఫరా చేసేవాణ్ణి మార్చారు. సరుకు శుక్రవారం ఓడ ఎక్కాలి. బుధవారం పొద్దున భూతద్దం గదిలోకొచ్చి చేతిరాత చీటీ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"గుండుని పేల్చే ఫ్యూజులో స్ప్రింగు మెత్తగా ఉందయ్యా. ఫిరంగి గొట్టం దాటకముందే పేలొచ్చు. పది రోజులు ఆపండి."

"పేలొచ్చు అంటున్నావు. పేలుతుంది అనడం లేదు."

"పేలుతుందని చెప్పాలంటే పేలాకే చెప్పాలి కదయ్యా."

"అనుమానం సాక్ష్యం కాదు మేస్త్రీ."

"మీ కోర్టులో కాదేమో. నేను సంతకం పెట్టను."

"సరే, నేనే పెడతాను," అన్నారు వకీలుగారు. పెట్టారు. భూతద్దం చీటీ సొరుగులోకి పోయింది.

మర్నాడు కాల్పుల దగ్గర తాడు మనిషి ఒంటరిగా నిలబడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. స్ప్రింగు సంగతి వాడి చెవిన కూడా పడింది. భూతద్దం వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు సంతకం పెట్టలేదుగా మేస్త్రీ, నీకెందుకీ గొడవ?"

"పెట్టినాయన రాడుగా. పక్కన మనిషుంటే చెయ్యి వణకదు. లాగు."

రెండు గుండ్లు బాగానే వెళ్ళాయి. మూడోది గొట్టంలోనే పేలింది. ఒక ఇనపముక్క గోడ మీదుగా వచ్చి భూతద్దాన్ని అక్కడికక్కడే చంపేసింది. తాడు మనిషికి రెండు చెవులూ వినపడకుండా పోయాయి.

ఆ సాయంత్రమే వకీలుగారు సొరుగు తీసి చీటీని చింపేశారు. చెయ్యి అలవాటుగా చేసేసింది, మనసు తర్వాత వెళ్ళి చూసుకుంది.

నెల తర్వాత విచారణ జరిగింది. మేస్త్రి ముందుగా ఏమైనా హెచ్చరించాడా అని అధికారి అడిగాడు.

"నాకు గుర్తు లేదండీ," అన్నారు వకీలుగారు. ఆ జవాబు ఎన్ని వందలమంది సాక్షులకి నేర్పారో ఆయనకే లెక్క లేదు. స్వయంగా పలకడం మాత్రం అదే మొదటిసారి. నాలుక తడబడలేదు. బ్యాచీ చీటీ మీద సంతకం వకీలుగారిదే అయినా, స్ప్రింగు లోపం కనిపెట్టలేకపోవడం తనిఖీ మేస్త్రి తప్పనీ, ఆర్డరుకి విరుద్ధంగా గోడ దగ్గర నిలబడ్డాడనీ అధికారి రాసుకున్నాడు.

బయట మెట్ల మీద భూతద్దం భార్య ఆపింది.

"మంగళవారం రాత్రి ఇంట్లో కూర్చుని రాశాడు బాబూ, ఆ చీటీ. నేను చూశాను. మీకిచ్చానని చెప్పాడు. ఇచ్చాడా లేదా?"

వకీలుగారు అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. "ఇచ్చాడమ్మా," అన్నారు.

"ఆయన పనిలో తప్పు జరిగిందని షెడ్డులో అందరూ అంటున్నారట. ముప్ఫై ఏళ్ళు చేశాడు. చీటీ ఇచ్చాడన్న ఆ ఒక్క ముక్కా కాగితం మీద రాసివ్వండి, నాకింకేం వద్దు."

"కాగితం ఎందుకమ్మా, నేను చెప్తానుగా."

"ఎవరికి చెప్తారు?"

ఆమె కొంగు సర్దుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక భార్య మంచినీళ్ళిస్తూ ఏమైందని అడిగింది.

"మనకేం ఇబ్బంది లేదు."

ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఎప్పుడూ ఫ్యాక్టరీ మాట ఎత్తలేదు.