పసుపు పూసిన పాత నోటు

ఎనభైల మొదట్లో పిస్కాటవేలో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో కొన్న పుస్తకంలో పాత ఐదు డాలర్ల నోటు దొరికింది. మామూలు నోటుకన్నా పెద్దది. బ్యాంకులు తమ పేరుతోనే నోట్లు ఇచ్చే కాలం నాటిది, దాని మీద ఎప్పుడో మూతపడ్డ ఓ చిన్న ఊరి బ్యాంకు పేరుంది. మా ఆవిడ దాన్ని లక్ష్మీదేవి పటం ముందు పెట్టి నాలుగు మూలలా పసుపు రాసింది.

పాత నోట్లు కొనే షాపతను భూతద్దం పెట్టి చూశాడు.

"ఈ ఊరి నోట్లు అరుదు. మూడొందలు ఇచ్చేవాణ్ణి. ఈ మరకలకి సగమే ఇస్తాను."

ఇంజినీరింగ్ చదివిన మొనగాణ్ణి కదా, ఇంటికొచ్చి నోటుని సబ్బుతో ఉతికాను. పసుపు కాస్తా పారాణిలా ఎర్రబడింది. ఇస్త్రీ కూడా చేసి తీసుకెళ్లాను.

"ఉతికిన నోటు ఎవరూ కొనరు. దీంతో శాండ్‌విచ్ కొనుక్కోండి" అన్నాడతను.

ఇంట్లో చెబితే మా ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా అంది: "నా పసుపు సగమన్నా మిగిల్చింది."