తోకకు పెట్టిన దండం

ప్రతి ఏడూ నాగుల చవితికి మా అత్తగారూ నేనూ బస్సెక్కి, వంతెన దాటి, తన్లిన్‌లో పుట్టకు పాలు పోసి వచ్చేవాళ్లం. బర్మాలో మేముండే పజుండౌంగ్ పేటలో గుళ్లకు కొదవ లేదు, పుట్టలకే కరువు. ఆవిడ మోకాళ్లు మొరాయించాక ఒకరోజు, "నాను రాలేనే. పుట్టమన్ను ఓ మూట అట్టుకొచ్చెయ్. పెరట్లోనే పుట్ట ఎట్టుకుందాం" అంది.

ఒక్కదాన్నే వెళ్లాను. తీరా చూస్తే పుట్ట ఉన్నచోట ఏదో ఫ్యాక్టరీ గోడ. ఎండ మాడ్చేస్తోంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. గోడ మీదా, పుట్ట మీదా, అత్తగారి మీదా కలిపి వచ్చింది. బస్టాపు పక్కన మొక్కలమ్మేవాడి దగ్గర ఓ మూట మట్టి కొని, ఇంటికొచ్చి, "పుట్టమన్నే అత్తా" అన్నాను. ఆవిడ ఆ మూటకు దండం పెట్టుకుంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆవిడ ఆ మట్టిని పెరటి మూల కుప్ప పోసి, జారకుండా చుట్టూ కొబ్బరి డొక్కలు పేర్చింది. ఎండిపోకుండా రోజూ బియ్యం కడిగిన నీళ్లు చల్లేది. మీద రాలిన బాదం ఆకులు తియ్యబోతే కసురుకునేది. చీమలు కట్టిన పుట్టలో పాములు చేరతాయంటారు. మాది నేను కొన్నది, ఆవిడ కట్టింది. ఇందులో ఏం చేరుతుందిలే అని నా ధీమా.

మూడో ఏడు చవితినాడు పొద్దున్నే అత్తగారు పాలు పోసి, చలిమిడి పెట్టి, "తోక తొక్కితే తొలిగిపో తండ్రీ, నడుం తొక్కితే నావోళ్లనుకో" అని ఎప్పటిలాగే చెప్పుకుంటోంది. తడిసిన డొక్క కిందనుంచి గోధుమరంగు పాము ఒకటి బయటికొచ్చింది. పెన్సిలంత లావు కూడా లేదు. వానపాము కాబోలనుకున్నాను. అది ముడుచుకుని, ఒక కొసను పైకి ఎత్తింది.

"ఓలమ్మా! పడగిప్పినాడే! మనింటికే ఒచ్చినాడు, సూడు!"

చూపు మందగించిన ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లలో ఆవిడ ముఖం అంతగా వెలగడం నేను చూడలేదు. పసుపూ కుంకుమా చల్లి, చెవులకు రాసుకునే మట్టి కోసం చెయ్యి చాచింది.

పక్కింటి బర్మా పెద్దాయన గోడ మీదుగా చూస్తున్నాడు. ఆయన్ని మేం ఊలే అంటాం, అంటే బాబాయ్ అన్నమాట. మా అత్తగారిని ఆయన అడో అంటాడు, అంటే పిన్ని. ఆయన ఒక్కసారిగా బర్మీస్‌లో అరిచాడు.

"అడో, చెయ్యి తియ్యండి! అది తోక! తల మీ చేతి పక్కనే ఉంది!"

అత్తగారి మణికట్టు పట్టుకుని లాగేశాను. పాలచెంబు దొర్లిపోయింది. ఎత్తిన తోక అడుగున నీలిరంగు మీద నల్లపట్టీలు ఉన్నాయి. నల్లటి బుర్ర చుట్టల కింద దూరి ఉంది, ఆవిడ వేళ్లకు బెత్తెడు దూరంలో.

ఊలే వచ్చి, చీపురు కట్టతో దాన్ని రేకు డబ్బాలోకి నెట్టాడు. వయసులో ఉన్నప్పుడు రబ్బరు తోటల్లో పనిచేసినవాడు, ఇలాంటివి చాలా చూశాడు. పగడపు పాముల్లో ఒక రకమట. బతుకంతా మట్టిలోనే. గుల్లమట్టి, చెమ్మ, కుళ్లిన ఆకులు, పీచు ఉంటే దానికి ఇల్లే. మొక్కల మట్టిలో ఉండే గుడ్డిపాముల్ని తింటుందట. మనిషి దీని జోలికి పోకపోతే ఇది మనిషి జోలికి రాదట. "చిన్నదే కానీ, విషం చిన్నది కాదు" అన్నాడు. దాన్ని చంపనని, కాలవ గట్టున పొదల్లో వదిలేస్తానని చెప్పి, "ఇంతకీ ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అత్తగారు తల ఎత్తి, తన్లిన్ పుట్టలోదని గర్వంగా చెప్పింది.

ఇక ఆగలేకపోయాను. "కాదత్తా" అని, గోడ సంగతీ మొక్కలవాడి సంగతీ కక్కేశాను. "నీకేమన్నా అయ్యుంటే అది నా వల్లే" అని ఏడ్చాను.

ఆవిడ ఆ కుప్పకేసి చూసింది. మూడేళ్లు పాలు పోసిన మట్టి అది. ఊలే డబ్బా పట్టుకుని ఎటూ పోలేక నిలబడ్డాడు.

"అయితే తోకకి ఎట్టినానా దణ్ణం?" అంది. ఆ తర్వాత, "మన్ను అబద్దమే. ఒచ్చినోడు నిజం కదే" అంది.

పుల్లతో చిటికెడు మట్టి లాగి, చెంబులో మిగిలిన పాలచుక్కతో తడిపి, నా చెవికి రాసింది. రాసిన చెవినే పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. యాభై దాటినదాన్ని, ఊలే ముందు, కిక్కురుమనకుండా నిలబడ్డాను.