సాయమ్మ అడిగిన ప్రశ్న

కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన ఏడాది వానాకాలంలో, సైబరాబాద్ పరిధిలోని ఒక మేజిస్ట్రేట్ కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బదిలీ మీద చేరాను. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడపడం మా పని. చేరిన కొద్ది రోజులకే నా బల్ల మీదికి వచ్చిన కేసు గురించి ఇప్పటికీ ఒక అబద్ధం ప్రచారంలో ఉంది. అది అబద్ధమని తెలిసీ ఇన్నాళ్లు ఊరుకున్నాను.

ఐటీ కారిడార్‌లో కడుతున్న ఒక టవర్‌లో సామాను మోసే లిఫ్టు తెగిపడి మల్లయ్య అనే కూలీ చనిపోయాడు. బిల్డర్ ఒక ప్రజాప్రతినిధి బావమరిది కావడంతో టీవీల్లో రెండు రోజులు అదే వార్త. ఛార్జిషీటులో మాత్రం సైట్ సూపర్‌వైజర్ ప్రసాద్ ఒక్కడే నిందితుడు. నేరం, నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం.

ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న కొన్ని నేరాల్లో నిందితుడు నేరం ఒప్పుకుని తక్కువ శిక్ష కోరవచ్చు. దీన్ని ప్లీ బార్గెయినింగ్ అంటారు. ప్రసాద్ అలాగే దరఖాస్తు పెట్టుకున్నాడు. పెట్టించింది, ఫీజు కట్టింది బిల్డర్ అని కోర్టు ఆవరణలో అందరికీ తెలుసు. చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడిగారు. లేదన్నాడు. ఆ తర్వాతి మెట్టు సమావేశం. ప్రాసిక్యూటర్, దర్యాప్తు అధికారి, నిందితుడు, బాధితులు ఒకచోట కూర్చుని పరిష్కారం కుదుర్చుకోవాలి.

ముందు రోజు మా పై అధికారి ఫోన్ చేసి, పైనుంచి అడుగుతున్నారు, త్వరగా ముగించండి అన్నారు. మల్లయ్య భార్య సాయమ్మ చందానగర్‌లో కిరాయి గదిలో ఉంటోంది. సమావేశం రోజు ఆమె కోర్టు వరండాలో కనబడితే, లోపల ఒక సంతకం పెడితే చాలని చెప్పాను. ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కర్లేదని చెప్పలేదు. చెప్పడం నా విధి.

ట్రయల్‌లో బాధితురాలు సాక్షి మాత్రమే. బోనులో నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలి తప్ప నిందితుణ్ణి ప్రశ్నించడానికి వీల్లేదు. ఈ సమావేశంలో మాత్రం ఆమెకూ మాతో సమానంగా ఒక కుర్చీ ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆ తేడా నాకు ఎప్పుడూ పట్టలేదు.

సాయమ్మ కుర్చీ అంచున కూర్చుని, ముందున్న ఒప్పందం కాగితం వంక చూడకుండా ప్రసాద్ వంక చూసింది.

"ప్రసాదన్నా, లిఫ్టు తాడు నలిగిందని, దాన్ని ఆపమని నువ్వే చెప్తివట గద. మా ఆయన ఆ పొద్దు ఫోన్ల చెప్పిండు. మల్ల ఎవరు నడిపించమన్నరు?"

డిఫెన్స్ లాయర్ ఆమెను ఆపమన్నట్టు నా వైపు చూశాడు. నేను ఆపలేదు. ఆ రోజు నేను చేసిన మంచిపని అంతవరకే.

"ఆపమన్నానమ్మా," అన్నాడు ప్రసాద్ తలవంచుకుని. "స్లాబ్ పని ఆగకూడదని ఓనర్ గారే ఫోన్ చేశారండి."

"ప్రసాద్, నువ్వు మాట్లాడకు," అన్నాడు లాయర్.

"మాట్లాడనియ్యి సారూ, ఇన్నాళ్లకు నోరు తెరిచిండు," అంది సాయమ్మ. "రోడ్డు మీది బోర్డుల ఆయన పేరు గంత పెద్దగుంటది. మీ కేసు కాయితంల జర గింత జాగ దొరకలేదా?"

దర్యాప్తు అధికారి కిటికీ వైపు తిరిగాడు. సాయమ్మ సంతకం పెట్టలేదు. పరిహారం మాట ఆమె ఎత్తలేదు, మేమూ అంతదాకా వెళ్లలేదు. పరిష్కారం కుదరలేదని మేజిస్ట్రేట్‌కు నివేదించాం. కేసు మళ్లీ ఆగినచోటి నుంచే మొదలైంది.

ఈ ప్రక్రియలో నిందితుడు ఒప్పుకున్న మాటలను ట్రయల్‌లో అతని మీద వాడకూడదు. అందుకే ప్రసాద్ మాటలను పక్కన పెట్టాం. మల్లయ్య ఫోన్‌లో చెప్పిన సంగతి సాయమ్మకు సొంతంగా తెలుసు కాబట్టి దాని ఆధారంగా తదుపరి దర్యాప్తు జరపాలని పోలీసులకు రాశాను. కోర్టు అనుమతించింది. ప్రసాద్ లాయర్‌ను మార్చుకుని తన ఫోన్ తానే అప్పగించాడు. లిఫ్టు ఆపాలని అతను బిల్డర్‌కు పంపిన వాయిస్ మెసేజ్‌లు, పని ఆపొద్దన్న బిల్డర్ జవాబు అందులో ఉన్నాయి. అదనపు ఛార్జిషీటులో బిల్డర్ రెండో నిందితుడయ్యాడు.

ఆ వెంటనే, సాయమ్మ ఎక్కువ డబ్బు కోసం మొండికేసిందని ఊరంతా పాకింది. చందానగర్‌లో ఆమె ఇంటి ఓనర్ కూడా, ఎంత వచ్చిందమ్మా అని అడిగాడట. సాయమ్మ కాక, ఆ గదిలో ఉండి నిజం తెలిసిన నలుగురిలో నేనొకణ్ణి. బదిలీ భయంతో నోరు విప్పలేదు. బదిలీ ఎలాగూ వచ్చింది. నిరుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాక, ఆ గదిలో జరిగింది జరిగినట్టు రాయడం మిగిలిపోయిన పనిగా తోచింది.

ట్రయల్ నడుస్తోంది. తీర్పు సంగతి కోర్టు చూసుకుంటుంది. ప్రతి వాయిదాకూ సాయమ్మ వస్తోందని, బిల్డర్ కూడా రావలసి వస్తోందని పాత సహోద్యోగులు చెప్పారు.

బదిలీ అయిన చోట ఇలాంటి సమావేశం జరిగిన ప్రతిసారీ, బాధితులకు ముందే రెండు మాటలు చెప్పేవాణ్ణి. ఒప్పుకోకపోవచ్చు, ఏదైనా అడగొచ్చు. కొందరు అడిగారు, కొందరు ఊరుకున్నారు. కుదిరిన ఒప్పందాలు మాత్రం తెలిసి కుదిరినవి. వరండాలో నిలబడి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.