నాన్న కుడిచెవి

నాన్న పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎవరితో నడిచినా నేను ఎడమపక్కకే జరుగుతాను. మా ఇంట్లో అందరికీ ఉన్న అలవాటే అది. నాన్నకు కుడిచెవి వినపడదు.

ఆ చెవి యుద్ధంలో పోయింది. కాల్పుల మధ్య గాయపడి పడిపోయిన ముగ్గురిని ఒక్కొక్కరిగా వీపున వేసుకుని తెచ్చాడు. ఇద్దరిని తెచ్చాక "ఇక చాలు, ఆగు" అన్నారట పైవాళ్లు. ఆగలేదు. మూడోవాణ్ణి తెస్తుండగా పక్కనే ఫిరంగి గుండు పేలింది. మోసినవాడూ, మోయించుకున్నవాడూ బతికారు. నాన్నకు పతకం ఇచ్చారు. అప్పటికి నేను అమ్మ కడుపులో ఏడోనెల.

సైన్యం నుంచి వచ్చాక నాన్న దర్జీ అయ్యాడు. వీధివైపు గదే కొట్టు. మిషన్‌కు ఎదురుగా నిలువుటద్దం. ఎవరైనా పతకం చూపించమంటే, "చేతులు పైకెత్తండి" అని ఛాతీకి టేపు చుట్టేసేవాడు. ఆ మాట అక్కడితో సరి.

అమ్మ ఆయన కుడిపక్కన పీట వేసుకుని గుండీలు కుట్టేది. ఇంటి సంగతులన్నీ ఎడమచెవికి, దెప్పుళ్లన్నీ కుడిచెవికి. మిషన్ గడగడలాడుతుంటే ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా గొణిగేది: "మూడోసారి వెళ్లేటప్పుడు మేం గుర్తుకు రాలేదా?"

"అటుపక్కకు వెళ్లి అడగొచ్చుగా అమ్మా?" అన్నాను ఒకసారి.

"రాలేదంటే ఏం చేసుకోనే?" అంది.

ఒక మధ్యాహ్నం ఆ ప్రశ్న సగంలో ఉండగా మిషన్ బెల్టు పుటుక్కున తెగింది. "...గుర్తుకు రాలేదా?" అన్నది గదంతా వినిపించింది. పుట్టింటికి వచ్చి, కాలర్లు ఇస్త్రీ చేస్తున్న నేను పెట్టె ఎత్తిపట్టుకుని ఉండిపోయాను.

"వచ్చారు," అన్నాడు నాన్న, బెల్టు చేతిలోకి తీసుకుంటూ. "మీరు గుర్తొచ్చేసరికి కాళ్లు వణికాయి. వణుకుతూనే పరిగెత్తా. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా పరిగెత్తలేదు. ధైర్యమని వాళ్లు రాసుకున్నారు గానీ, ఒళ్లంతా భయమే."

అమ్మ గుండీ, సూదీ పక్కన పెట్టేసింది.

"అంటే ఇన్నాళ్లూ మీకు వినపడుతూనే ఉందా?"

"వినపడదు. అద్దంలో నీ పెదాలు కనపడతాయి."

"నలభై ఏళ్లు! నోరు తెరిచి చెబితే ఏం పోయింది?"

"జవాబు కావాలంటే ఈ చెవి దగ్గరికే వస్తావు కదా అనుకున్నా," అన్నాడు ఎడమచెవి చూపిస్తూ.

అమ్మ పీట ఎత్తి విసురుగా ఎడమపక్కన వేసింది. "అయితే ఇప్పుడు వినండి," అని మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ కుడిచెవిలో పోసినవన్నీ మొదటినుంచీ. ఆ పీట మళ్లీ ఇటు రాలేదు.

"తల్లీ, పరిగెత్తుకెళ్లి కొత్త బెల్టు తేవే," అన్నాడు నాన్న నవ్వాపుకుంటూ.

బెల్టులమ్మే షాపు నాలుగిళ్ల అవతలే. నేను వీధులన్నీ తిరిగి వెళ్లాను.