చెవి మేస్త్రి, నీలిరంగు డబ్బా

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. ఇంజను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని పేరు. చెక్క పిడి ఉన్న మూరెడు స్క్రూడ్రైవర్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. నడుస్తున్న ఇంజను మీద దాని మొన ఆనించి, పిడిని కుడిచెవికి నొక్కి, కళ్ళు మూసుకునేవాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ గేరు పన్ను విరగబోతోందో అక్కడికక్కడే చెప్పేసేవాడు. మిగతా మెకానిక్ షెడ్లవాళ్ళు రెండ్రోజులు విప్పి చూసి అదే మాట చెప్పేవాళ్ళు.

అలాంటి చెవి ఏడాదిన్నరగా పనిచేయడం లేదు. నలభయ్యేళ్ళు రేకుల షెడ్డులో, సుత్తి మోతల మధ్య బతికాక ఏ చెవి మాత్రం ఎంతకాలం తట్టుకుంటుంది! ముందు కుడిది పోయింది, తర్వాత ఎడమది సగం పోయింది. దగ్గరగా నిలబడి మాట్లాడితే అందేది, మిగతాది పెదాలు చూసి పట్టేసేవాడు. ఇంట్లో పిలిస్తే పలకడం లేదని భార్య పెద్దగా పట్టించుకోలేదు. పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటాక ఏ మొగుడికి వినపడింది గనక అని ఆవిడ లెక్క. షెడ్డులో తెలిస్తే మాత్రం తనకి ఇంకేం మిగలదని ఆయన భయం. అందుకే పిడిని చెవికి ఆనించడం మానేసి పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. అదురు పళ్ళలోంచి తలకెక్కేది. "ఇలా అయితే ఇంకా బాగా తెలుస్తుంది" అని అడిగినవాళ్ళకి చెప్పేవాడు. అబద్ధం మోయడం కూడా ఒక చాకిరీయే. సాయంత్రానికి మోకాళ్ళు ఎలాగూ లాగేవి, వాటికి ఇదొకటి తోడయింది.

ఆ రోజుల్లోనే క్రేన్ డ్రైవరు వచ్చాడు. వారమంతా రేవులో క్రేన్ నడిపి, ఆదివారాలు కొండదారి పందేల్లో తన పికప్పును పరిగెత్తించే మనిషి. చేతిలో ఒక కాగితం. ఇంజనులోకి గాలి నెట్టే పెద్ద టర్బో, డీజిల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, కొత్త సైలెన్సరు అని రాసుకొచ్చాడు.

"మేస్త్రి గారూ, పవరు సగానికి సగం పెరగాలి. నెలాఖరు పందేనికి అందాలి."

మేస్త్రి కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు. "ఇటుపక్క ఏమీ రాయలేదేం?"

"ఇంకేముంటుందండీ?"

"బండంటే ఇంజనొక్కటేనా? ఆ బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్ళేవాటి సంగతేంటి? ముందు క్లచ్ జారుతుంది. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు మెలి తిరుగుతుంది. అవి తట్టుకున్నా వెనక చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్లో గేరు పళ్ళు రాలతాయి. మలుపులో రాలాయనుకో, చక్రాలు బిగుసుకుపోతాయి. ఇక బండి నీ మాట వినదు, లోయలోకి పోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది బాబూ."

షెడ్డు మూల ల్యాప్‌టాప్ ముందున్న మేస్త్రి కూతురు తలెత్తింది. ఇంజను కంప్యూటర్లు సరిచేసే పని ఆమెది. పూర్తయిన ప్రతి బండినీ "కంప్యూటర్ చూడాలి" అంటూ తనే ఒక చుట్టు తిప్పుకొచ్చేది. దీనికదో పిచ్చి అని మేస్త్రి నవ్వుకునేవాడు.

"ఉన్న టర్బో చాలండీ" అంది ఆమె. "గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఒక్కటి పెద్దది పెడదాం. ప్రోగ్రాం నేను మారుస్తాను. పావు వంతు పెరుగుతుంది. మిగతా ఖర్చంతా కిందున్న క్లచ్, షాఫ్టుల మీద పెట్టండి."

"పావు వంతేనా!" క్రేన్ డ్రైవరు మొహం వాడిపోయింది.

వాదన మూడు రోజులు సాగింది. అతను రోజూ డ్యూటీ దిగి రావడం, టర్బో గురించి మొదలెట్టడం, మేస్త్రి మళ్ళీ క్లచ్ దగ్గరికి లాక్కురావడం. చెప్పిందే చెప్పి చెప్పి ఆయనకి విసుగొచ్చింది. చివరికి కాగితం మీద టర్బో కొట్టేశారు. గట్టి క్లచ్, లావు షాఫ్టు, కొండెక్కడానికి పనికొచ్చే కొత్త గేర్లతో డిఫరెన్షియల్ రాసుకున్నారు.

డిఫరెన్షియల్ పని మేస్త్రి ఎవరికీ ఇవ్వడు. అందులో పినియన్ అనే చిన్న గేరు ఒక పెద్ద గేరుని తిప్పుతుంది. రెంటి పళ్ళూ సరిగ్గా కూర్చోవడానికి పినియన్ కింద పలచటి ఇనుప బిళ్ళలు వేస్తారు. బిళ్ళ మందం వెంట్రుకవాసి తప్పినా గేర్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. అందరూ పళ్ళకి నీలిరంగు పూసి, తిప్పి, మరక ఎక్కడ పడిందో చూసుకుంటారు. మేస్త్రి ఎన్నడూ పూయలేదు. "చెవులున్నవాడికి రంగెందుకు?" అనేది ఆయన ముప్ఫయ్యేళ్ళ నాటి జోకు. కూతురు కొన్న రంగుడబ్బా మూతైనా తీయకుండా అలమరలో ఉంది. ఈ పికప్పు గేర్లు బిగించిన రోజు ఆయన దాని వైపు రెండుసార్లు చూశాడు. తీస్తే, ఇన్నాళ్ళకి ఇవాళే ఎందుకని అడుగుతారు. తీయలేదు.

పందెం ముందురోజు మధ్యాహ్నం పని ముగిసింది. క్రేన్ డ్రైవరు సెలవు పెట్టి మరీ వచ్చి, సీట్లో కూర్చుని ఉన్నాడు. బండిని స్టాండ్ల మీదకెత్తి చక్రాలు తిప్పారు. మేస్త్రి మోకాళ్ళ మీద వంగి, మొనని డిఫరెన్షియల్‌కి ఆనించి, పిడిని కరిచి పట్టుకున్నాడు. మెత్తటి అదురు తప్ప ఏమీ తగల్లేదు. మోటు శబ్దం పంటికి అందుతుంది గానీ సన్నటిది అందదు. ఆ సంగతి ఆయనకి తెలియదు.

"వెన్నలా ఉంది. దించి తీసుకెళ్ళు."

"ఆపండి" అంటూ కూతురు చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. "నాన్నా, ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు. డ్రైవరు గారూ, మీరు మళ్ళీ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కండి."

ఆమె పిడిని చెవికి పెట్టుకుంది. తర్వాత లేచి తండ్రికి ఎదురుగా, బాగా దగ్గరగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సన్నగా ఈల వస్తోంది నాన్నా. తొక్కితే పెరుగుతోంది. వదిలితే ఆగిపోతోంది."

పెదాలు కనపడేలా నిలబడింది కూతురు. ఆమెకి తెలుసని అప్పుడు అర్థమైంది ఆయనకి. పక్కనున్న పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"పినియన్ లోతు తప్పింది" అన్నాడు. "బిళ్ళ పలచనిది వేశాను. రేపు ఈ బండితో వెళ్ళకు బాబూ. తప్పు నాది. నాకు చెవులు వినపడవు. ఏడాదిన్నరయింది."

క్రేన్ డ్రైవరు బండి దిగాడు. "ఏడాదిన్నరా? మరి ఇన్నాళ్ళూ మీరు చేసి పంపిన బళ్ళు..."

మేస్త్రి గేటు బయటి రోడ్డు వైపు చూశాడు. ఆ బళ్ళన్నీ ఇప్పుడు ఏ రోడ్ల మీద ఉన్నాయో!

"అన్నీ నేను ఒక చుట్టు తిప్పి విన్నాకే వెళ్ళాయండీ" అంది కూతురు. "మూడు బళ్ళు నాన్న ఇంటికెళ్ళాక మళ్ళీ విప్పి సరిచేశాను."

"ఎప్పటి నుంచి తెలుసే నీకు?"

ఆమె పిడిని ఆయన కళ్ళ ముందు పెట్టింది. చెక్క మీద రెండు వరుసల పంటిగాట్లు.

"ఇవి పడ్డప్పటి నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను నాన్నా."

ఆయనకి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. అన్నిటికన్నా ముందు, ఏడాదిన్నరగా పట్టుకుపోయిన మెడ కాస్త వదులైంది.

"ఆ నీలిరంగు డబ్బా తీసుకురా" అన్నాడు.

ఏళ్ళ తరబడి కదలని మూత బిగుసుకుపోయింది. చేత్తో తిప్పి చూశాడు, రాలేదు. కూతురి చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని మొనతోనే మూత పెకలించాడు.