ఇజ్రాయెల్ పాటలో ఖాళీ

ఇజ్రాయెల్‌కు ఒకటే పిచ్చి. ఎంత మంచి పాటనైనా నడిమధ్యలో ఠక్కున ఆపేస్తాడు. కొరాపుట్ చర్చి బ్యాండులో బేస్ గిటారు ఆయనదే, పెత్తనమూ ఆయనదే. గడ్డం పైకెత్తాడంటే డ్రమ్ము, నర్సు దొర్కా కీబోర్డు, రిటైర్డ్ హెడ్మాస్టరు ఏసుపాదం గారి శాక్సఫోన్, అన్నీ నోరు మూసుకోవాల్సిందే. బేసొక్కటే దుమ్ దుమ్ అంటూ ఉంటుంది. గడ్డం దిగితేనే మళ్లీ పాట.

మాచ్‌ఖండ్ కాలనీ పెళ్లిలో ఇలాగే ఆపితే పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"డేము పక్కనెట్టుకుని కరెంటు పోడవేటి? జనరేటరెయ్యండ్రా!"

"కరెంటుందండి బాబూ. ఇది సంగీతం," అన్నాడు ఇజ్రాయెల్.

బొయిపరిగుడ క్రిస్మస్ సభలోనైతే జనం పాట అయిపోయిందనుకుని బిర్యానీ వైపు లేచిపోయారు.

అలాంటి మనిషి ఓ జాజ్ బాణీ కట్టాడు. కొరాపుట్ దగ్గరి దేవమాలి కొండ పేరు మీద దానికి 'దేవమాలి మంచు' అని పేరు పెట్టాడు. వినగానే దొర్కాకు ఒళ్లు పులకరించింది. తీరా గుండె కరిగే చోట మళ్లీ ఆ ఖాళీ!

"సిన్నాన్నా, రాయగడ కచేరీలో మొదటిసారి మన సొంత పాట వాయిస్తన్నాం. అక్కడా ఆపితే పరువు పోద్ది. ఆ ఖాళీ తీసెయ్యి."

"తీసెత్తే పాటేటుంటాదే అమ్మీ?"

"పాటే ఉంటాది!"

మొండికి మందేముంది? స్టేజీ మీద ఆ ఖాళీని తనే నింపేద్దామని దొర్కా గుట్టుగా ఓ వరస సాధన చేసుకుంది.

రాయగడ హాలు కిటకిటలాడింది. ఎక్కడైనా దొర్కా కీబోర్డు ఓ మూల ఉంటుంది, అక్కణ్ణించి ఇజ్రాయెల్ గడ్డం తప్ప ఏమీ కనబడదు. ఇక్కడ మాత్రం బ్యాండుకు ఎదురుగా పెట్టారు. పాట మొదలైంది. ఏసుపాదం గారు ఊదుతుంటే హాలంతా ఊగిపోయింది. ఇజ్రాయెల్ గడ్డం లేచింది. దొర్కా వేళ్లు ఉరకబోయాయి.

అప్పుడు చూసింది. ఏసుపాదం గారి భుజాలు ఎగసెగసి పడుతున్నాయి. ఇజ్రాయెల్ కళ్లు ఆ భుజాల మీదే ఉన్నాయి. ముసలాయన ఆయాసం తీరేదాకా బేసు ఓపిగ్గా దుమ్ దుమ్ అంటోంది. అన్ని పాటల్లోనూ ఆ ఖాళీ ఎవరి కోసమో దొర్కాకు తెలిసిపోయింది. నర్సై ఉండి ఇన్నాళ్లూ చూడలేదని సిగ్గేసింది, ఇజ్రాయెల్ మీద ఎక్కడలేని ప్రేమా పొంగింది. చేతులు ఒళ్లో పెట్టేసుకుంది.

జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. కొట్టనీ! గడ్డం దిగింది, శాక్సఫోన్ మళ్లీ లేచింది. పాట ముగిసేసరికి హాలంతా లేచి నిలబడింది.

మెట్లు దిగుతూ ఏసుపాదం గారు విరుచుకుపడ్డారు.

"మాంచి ఊపులో ఉంటే ఆపేత్తావేటోయ్! నేనింకా ఊదేవోణ్ణి!"

"నా పిచ్చి మీకు తెల్దేటండి మాస్టారూ? తప్పైపోనాది," అన్నాడు ఇజ్రాయెల్, తలొంచుకుని తీగలు తుడుస్తూ.

"నువ్వైనా సెప్పమ్మా దొర్కా, ఈ పిచ్చోడికి!"

దొర్కా నవ్వాపుకుంటూ శాక్సఫోన్ పెట్టె అందుకుంది.

"నాకూ అంటుకుందండి మాస్టారూ ఆ పిచ్చి. ఈసారి రెండు సోట్ల ఆపుదాం."